పిల్లలకోడి, గొరకొయ్యలు



కార్తీకమాసంలో దీపం పెట్టి, చీకటి పడ్డాక ఒకసారి తూర్పు దిక్కు చూడండి. గుప్పెడు చుక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పైకి వస్తుంటాయి. పంచాంగం వాటిని కృత్తిక అంటుంది. మన అవ్వలు పిల్లలకోడి అన్నారు. పౌర్ణమినాడు చంద్రుడు ఆ చుక్కల దగ్గర ఉంటాడు గనుకనే ఆ నెలకు కార్తీకమని పేరు. చిత్త వల్ల చైత్రం కూడా అలాగే.

వేదకాలపు జాబితాలు అశ్వినితో కాదు, కృత్తికతోనే మొదలవుతాయి. కృత్తికలు తూర్పు దిక్కు తప్పవని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. ఆ మాటనుబట్టి దాని కాలాన్ని లెక్కకట్టినవారు శంకర బాలకృష్ణ దీక్షిత్. 1896లో వచ్చిన ఆయన మరాఠీ గ్రంథం నేటికీ పండితులు తిరగేసేదే. ఆ లెక్కను ఒప్పుకోనివారూ ఉన్నారు. ఆకాశంలో విషువత్తు సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంది. అందుకే తర్వాతి కాలంలో వరుస అశ్వినితో మొదలైంది.

మరి మేషం, వృషభం? ఇవి మొదట మనవి కావు. బాబిలోనులో పుట్టి, గ్రీకుల చేతులమీదుగా క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో మన దేశానికి వచ్చాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు మేషాన్ని క్రియ అని, వృషభాన్ని తావురి అని కూడా పిలిచాడు. రెండూ గ్రీకు మాటలే. హోర కూడా అంతే. వచ్చినవాటిని మనం మనవిగా చేసుకున్నాం, అందులో తప్పేముంది?

సరిహద్దు ఊళ్లలో ఈ రెండు పద్ధతులూ ఇరుగుపొరుగున కాపురం ఉంటాయి. తమిళనాట ఉన్న మీ ఇంట్లో ఉగాదికి చైత్రం వస్తుంది. పక్కింటివారికి సూర్యుడు మేషంలో ప్రవేశించిన నాడు, ఏప్రిల్ నడుమ, చిత్తిరై వస్తుంది. పేరు ఒకే చుక్కది, లెక్క మాత్రం ఒకరిది చంద్రుడిది, ఒకరిది సూర్యుడిది. కర్ణాటకలో, మహారాష్ట్రలో ఉన్నవారికి ఈ పేచీ లేదు, మన ఉగాదినాడే వారి యుగాది, గుడిపాడ్వా.

రైతుకు మాత్రం ఎక్కడున్నా కార్తెలే ముఖ్యం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు. మనం మృగశిర కార్తె అంటే, కన్నడ రైతు మృగశిర మళె అంటాడు, మరాఠీ రైతు మృగ్ నక్షత్రం అంటాడు. తమాషా ఏమిటంటే, ఆ కార్తెలో మృగశిర మనకు కనబడదు, సూర్యుడి వెలుగులో మునిగి ఉంటుంది. దాన్ని చూడాలంటే జనవరి రాత్రులు మంచివి. అక్కడే వరుసగా మూడు చుక్కలు, మన గొరకొయ్యలు. పొలంలో నడిచే గొర్రు ఆకాశంలోనూ నడిచింది.

మహారాష్ట్ర, తెలంగాణ అడవుల్లోని గోండులు సప్తర్షుల్లో నాలుగు చుక్కల్ని మంచంగా, వెనుక మూడింటిని దొంగలుగా చూస్తారు. మన పెళ్లిళ్లలో చూపే అరుంధతి, ఆ మూడింటిలో నడిమి చుక్క అయిన వసిష్ఠుడి పక్కనే మిణుకుమంటుంది. పట్టపగలు ముహూర్తాలకు కూడా పురోహితులు చూపిస్తూనే ఉన్నారు, మనం కనబడిందంటూనే ఉన్నాం!

అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 1922లో ఆకాశాన్ని 88 రాశులుగా ఖాయపరిచింది. పిల్లలు బడిలో ఓరియన్ అని చదువుతున్నారు, చదవనివ్వండి. ఈ జనవరిలో ఒక రాత్రి మిద్దెమీదికి తీసుకెళ్లి, ఆ మూడు చుక్కల్ని గొరకొయ్యలు అని ఒక్కసారి మీ నోటితో చెప్పండి. పక్కనే, కాస్త పైన, పిల్లలకోడి ఉంటుంది. చుక్కలెన్నో లెక్కపెట్టమనండి, ఆరు వస్తాయో ఏడు వస్తాయో.