వేలికొస కబురు ఏ దారిన వెళ్తుంది?

1930ల్లో మెదడులోని ఒక దారి ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలంటే, దాని చివరను పాడుచేసి కాచుకుని కూర్చోవడమే పద్ధతి. కోతి మెదడు పైపొర, అంటే కార్టెక్స్‌లో చిన్న ముక్క తీసేసేవారు. కొన్ని వారాలయ్యాక చూస్తే, ఆ ముక్కకు తంతువులు పంపిన కణాలు మెదడు లోతుల్లో వాడిపోయి కనిపించేవి. స్పర్శ ప్రాంతాన్ని తీసేస్తే థాలమస్ వెనక అడుగు భాగం వాడిపోయేది. ఇంగ్లండులో లె గ్రో క్లార్క్, షికాగోలో ఎర్ల్ వాకర్ ఇలాగే ఓపికగా పటం గీశారు. వాకర్ పుస్తకం ‘ది ప్రైమేట్ థాలమస్’ 1938లో వచ్చింది.

థాలమస్ అంటే గ్రీకులో లోపలి గది. మెదడు నడిమధ్య గుడ్డు ఆకారంలో జంటగా ఉండే ఈ బూడిదరంగు ముద్దల్లోకి, వాసన తప్ప మిగతా ఇంద్రియాల కబుర్లన్నీ వచ్చి చేరతాయి. చేతివేలిని తాకితే ఆ సంకేతం వెన్నుపాము వెనక భాగం గుండా మెదడు కాండానికి ఎక్కి, అక్కడ రెండో పక్కకు దాటి థాలమస్‌కు వస్తుంది. అక్కడి నుంచి మరో కణం దాన్ని కార్టెక్స్‌కు పంపుతుంది. థాలమస్‌లోని స్పర్శ భాగంలో కాలు బయటి అంచున, ముఖం లోపలి అంచున, చేయి వాటి మధ్య ఉంటాయి. చేయీ ముఖమూ పక్కపక్కనే ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని పడుతుంది.

వాడిపోయిన కణాలను వెతికే పద్ధతిలో ఒక మోసం ఉంది. ఒక కాలువ రెండు చేలకు పారుతోందనుకుందాం. ఒక చేను పూడ్చేసినా, రెండోది తాగుతున్నంత కాలం కాలువ ఎండదు. కణమూ అంతే. దానికి మరో కొమ్మ మిగిలుంటే బతికిపోతుంది, ఇక్కడ దారే లేదని చూసేవాడు తప్పుగా రాసుకుంటాడు. రోజ్, వూల్సీ అనే పరిశోధకులు 1950ల చివర ఈ చిక్కును గట్టిగానే ఎత్తిచూపారు.

అప్పటికి విద్యుత్తు రంగంలోకి వచ్చేసింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో వూల్సీ, మార్షల్, బార్డ్ కోతి చర్మాన్ని తాకుతూ, కార్టెక్స్‌లో ఎక్కడ స్పందన లేస్తుందో కొలిచి 1942లో వివరమైన పటం ప్రచురించారు. పదేళ్లకు మౌంట్‌కాసిల్, హెన్నెమన్ అదే పని థాలమస్‌లో చేశారు. రెండు చోట్లా శరీరం దాదాపు ఒకే వరసలో పరుచుకుని ఉంది. 1957లో మౌంట్‌కాసిల్ పిల్లి మెదడులోనూ, 1959లో పావెల్‌తో కలిసి కోతిలోనూ ఇంకో విషయం చూపించాడు. ఎలక్ట్రోడ్‌ను కార్టెక్స్‌లోకి నిలువుగా దింపితే దారిలో తగిలే కణాలన్నీ ఒకే చోటికి, ఒకే రకం స్పర్శకు పలుకుతాయి. చర్మానికైతే చర్మానికే, కీలుకైతే కీలుకే. నిలువుగా పేర్చినట్టుండే ఈ కణాల స్తంభాలకు మూలం ఎక్కడ? చర్మం, కీళ్ల కబుర్లు కింద థాలమస్‌లోనే అలా విడివిడిగా ఉన్నాయా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఎడ్వర్డ్ జోన్స్ గురించి. న్యూజిలాండ్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పావెల్ దగ్గర చదివాడు. 1970లో వాళ్లిద్దరూ రీసస్ కోతుల మీద రాసినదాన్ని బట్టి స్పర్శకు అసలు వాకిలి కార్టెక్స్ పటంలో 3 అని అంకె వేసిన ప్రాంతం. పక్కనున్న 1, 2 ప్రాంతాలకు అందేది 3కు వెళ్లే తంతువుల పక్కకొమ్మల, అంటే పిల్లకాలువల, నీళ్లే కావచ్చు. ఇంతకీ రీసస్ అంటే మన ఊళ్లలో తిరిగే ఎర్రమూతి కోతే. 1978లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేదాకా అమెరికా ప్రయోగశాలలకు ఇక్కడి నుంచి పెద్ద సంఖ్యలో వెళ్లేవి.

1972 నుంచి కొత్త పనిముట్లు వచ్చాయి. హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప నుంచి తీసిన ఎంజైమును కార్టెక్స్‌లో ఎక్కిస్తే, తంతువుల కొసలు దాన్ని పీల్చుకుని వెనక్కి కణం దాకా మోసుకెళ్తాయి. ఇక చంపి వెతకనక్కర్లేదు, బతికున్న కణమే తన చిరునామా చెబుతుంది. 1979లో కాస్, మెర్జెనిచ్ బృందం ఒకే పటం అనుకున్న చోట 3-ఎ, 3-బి, 1, 2 అని నాలుగు ప్రాంతాలున్నాయని, శరీరం ఒకసారి కాదు, పలుమార్లు పరుచుకుని ఉందని చూపించింది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి వెళ్లిన మృగాంక సుర్ ఆ బృందంలో ఒకరు. 1981, 82ల్లో జోన్స్, ఫ్రీడ్‌మన్ థాలమస్ లోపలి అమరిక తేల్చారు. స్పర్శ భాగం నడిమధ్య ఉన్న కణాలు చర్మం కబుర్లు 3-బి, 1 ప్రాంతాలకు పంపుతాయి. చుట్టూ ఉన్న పెంకు కండరాలు, కీళ్ల కబుర్లు 3-ఎ, 2 ప్రాంతాలకు పంపుతుంది. ఒకే రకం కణాలు ముందు నుంచి వెనక్కి కడ్డీల్లా బారులు తీరి ఉంటాయి. మౌంట్‌కాసిల్ స్తంభాలకు మొదలు దొరికింది.

పిల్లకాలువల ఊహను జోన్స్ 1983లో తానే కొట్టేశాడు. ప్రాంతాలకు వేర్వేరు తంతువులే వెళ్తున్నాయన్నాడు. రెండేళ్లకు కాస్ ప్రయోగశాల స్క్విరెల్ కోతుల్లో రెండేసి ప్రాంతాలకు కొమ్మలు వేసిన కణాలు కొన్ని ఉన్నాయని చూపించింది. నాకు ఇందులో ఆసక్తికరమైనది గెలుపోటములు కాదు, తర్వాతి మలుపు. 1990లో కోతికి 3-ఎ, 3-బి తొలగించి చూస్తే 1వ ప్రాంతం చర్మస్పర్శకు పలకడం మానేసింది. థాలమస్ నుంచి సొంత దారి ఉన్నా అది చాలలేదన్నమాట. దారి ఉండటం వేరు, ఆ దారిన పని నడవటం వేరు. అంతవరకూ శరీర నిర్మాణ శాస్త్రం ఈ తేడాను పెద్దగా పట్టించుకోలేదు.

1991లో కథ వేరే వీధిలోకి మళ్లింది. మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్ ప్రయోగశాల నుంచి 1981లో పోలీసులు 17 కోతులను పట్టుకెళ్లారు. కొన్నింటికి చేయి నుంచి వచ్చే నరాలు ఎప్పుడో తెంచేసి ఉన్నాయి. ఆ కోతుల విషయంలో ఏళ్ల తరబడి నడిచిన వివాదం తర్వాత పాన్స్ అనే పరిశోధకుడి బృందం వాటి కార్టెక్స్‌ను పరీక్షిస్తే, చేతి ప్రాంతం 10 నుంచి 14 మిల్లీమీటర్ల మేర ముఖానికి పలుకుతోంది. ఆ జంతువుల బతుకు తలచుకుంటే ఈ ఫలితాన్ని సంతోషంగా చదవలేం, అలాగని విస్మరించనూ లేం.

అంత దూరం ముఖం ఎలా పాకింది? థాలమస్‌లో ఇరుగుపొరుగు కణాల తంతువులు కార్టెక్స్‌లోకి వెళ్లాక విచ్చుకుని ఒకదాని మీదొకటి పడతాయని రౌసెల్, జోన్స్ 1995లో చూపారు. చేయీ ముఖమూ ఆనుకుని ఉన్న థాలమస్‌లో సరిహద్దు కాస్త జరిగితే చాలు, పైన అది పెద్ద జరుగుడవుతుంది. 1998లో పాన్స్‌తో కలిసి జోన్స్ చేతి నరాలు అలాగే ఏళ్ల క్రితం తెంచేసిన కోతుల థాలమస్ చూశాడు. చేతి భాగం కుంచించుకుపోయింది, ముఖం భాగం దాన్ని ఆక్రమించింది.

అయితే మూలం ఇంకా కిందే ఉందేమో. కాస్ దగ్గర పనిచేసి వచ్చిన నీరజ్ జైన్, హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో ఈ ప్రశ్న పట్టుకున్నారు. వెన్నుపాము దెబ్బతిన్న కోతుల్లో చేతి ప్రాంతం గడ్డం తాకినా పలుకుతోంది. కార్టెక్స్‌లోని అసలు ముఖప్రాంతాన్ని మత్తుమందుతో మొద్దుబార్చినా ఆ పలుకు ఆగలేదు. మెదడు కాండంలో చేతి సంకేతాలు మొదట ఆగే క్యూనియేట్ కేంద్రంలో అదే మందు వేశారు. గడ్డానికి వచ్చే పలుకు అక్కడితో ఆగిపోయింది. అది 2014 నాటి మాట.