నేటాల్ పేరులో ఒక లాటిన్ క్రియ

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒక పాప ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మార్చి, "నేను డర్బన్‌లో పుట్టబడ్డాను" అని వ్రాసింది. "పుట్టాను అంటే చాలమ్మా" అని దిద్దాము. కాని మేము బడిలో చదివిన లాటిన్‌లో అది తప్పు కాదు. అక్కడ పుట్టడమనే క్రియకు నిజంగా 'బడు' రూపమే ఉన్నది.

ఆ క్రియ 'నాస్కొర్'. నాస్కొర్ అంటే పుడుతున్నాను, నాస్కెరిస్, పుడుతున్నావు, నాస్కితుర్, పుడుతున్నాడు లేక పుడుతున్నది. బహువచనంలో నాస్కిముర్ (మేము), నాస్కిమిని (మీరు), నాస్కుంతుర్ (వారు). 'పుట్టాను' అనడానికి పురుషుడు 'నాతుస్ సుమ్' అంటాడు, స్త్రీ 'నాత సుమ్' అంటుంది. రూపం కర్మణి, అర్థం కర్తరి. ఇటువంటి క్రియలను 'డిపోనెంట్' అంటారు. అంటే దించివేసినది. కర్మణి అర్థాన్ని దించివేసి, రూపాన్ని మాత్రం ఉంచుకున్నదని పాత వ్యాకర్తల భావన.

నాతుస్‌కు పూర్వరూపం 'గ్నాతుస్'. సంస్కృతంలోని 'జన్' ధాతువు దీనికి తోబుట్టువు. అక్కడ కూడా 'జాయతే' అని ఆత్మనేపదమే. మన జన్మ, జాతి, జాతకం ఆ ధాతువు బిడ్డలే.

నాతుస్ నుండి 'నాతాలిస్', దాని నుండి పోర్చుగీసు వారి 'నతాల్', అనగా క్రిస్మస్ పండుగ, వచ్చాయి. 1497లో క్రిస్మస్ వేళ ఈ తీరం వెంట సాగుతూ వాస్కో డ గామా పెట్టిన పేరే నేటాల్. 1994 నుండి మన రాష్ట్రం పేరు క్వాజులు-నేటాల్.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మదరాసు నుండి మొదటి ఒప్పందపు కూలీలను ఇక్కడికి తెచ్చింది. 1911 వరకు వచ్చినవారు 1,52,000 మందికి పైనే. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. ఆనాటి కాగితాలలో మన పెద్దలకు కర్మణి ప్రయోగమే: ఎక్కించబడ్డారు, లెక్కించబడ్డారు, తోటలకు పంపబడ్డారు. పేరు ప్రక్కన ఒక నంబరు. కాని చెరకు నరికింది వారు. బిడ్డలను పెంచింది వారు. గుళ్ళు, బడులు కట్టింది వారు. రూపం కర్మణి అయినా, అర్థం కర్తరి.

కనుక పిల్లలారా, తాతముత్తాతల కథ చెప్పేటప్పుడు 'తేబడ్డారు' అని ఆపవద్దు. 'వచ్చారు, నిలిచారు' అని తెలుగులో చెప్పండి. ఆ తరువాత "మేము ఇక్కడ పుట్టాము" అనండి.