ఎంటర్‌ప్రైజ్ నౌక, దాని ప్రేక్షకులు

1966 సెప్టెంబరు 8వ తేదీ రాత్రి అమెరికాదేశమున ఎన్.బి.సి. సంస్థ ప్రసార మారంభించిన స్టార్ ట్రెక్ అను ధారావాహిక, మూడేండ్లలో 79 భాగములు మాత్రము చూపబడి, చూచువారు చాలరను కారణముచే 1969 జూన్ మాసమున ముగింపబడెను. మానవుడు చంద్రునిపై అడుగిడుటకు అప్పటికి ఏడు వారములైనను గడువు లేదు. యజమానులు గిట్టుబాటు కాదని విడిచిన ఆ కథను ప్రేక్షకులే నిలువబెట్టుకొనిన తీరు టెలివిజన్ చరిత్రలో మిక్కిలి అరుదైనది.

దీని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ, యుద్ధమున బాంబరు విమానములు నడపి, లాస్ ఏంజెలిస్ పోలీసుశాఖలో కొలువు చేసి, తరువాత రచనకు దిగినవాడు. ప్రతివారము ఒక గ్రహముపై కథలోని ఎంటర్‌ప్రైజ్ అను అంతరిక్ష నౌకను దింపి చూపుటకు వ్యయము భరింపరానిదగుటచే, మనుష్యులను మెరయు కణములుగా మార్చి క్షణములో క్రిందికి పంపు యంత్రమును కల్పించిరి. లోకమంతయు మెచ్చిన ఆ కల్పనకు మూలము లేమియే. స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలకు చేరిన 11 అడుగుల నౌకా నమూనా అధికభాగము కొయ్యతో చేయబడినది. కెమెరా సాధారణముగా కుడివైపునే చూచుచుండెను గనుక ఎడమప్రక్క అలంకారము లేదు, దీపముల తీగెలన్నియు ఆ ప్రక్కనుండియే పోయినవి.

ఈ ధారావాహిక రాబోవు పరికరములను ముందుగా ఊహించెనని పొగడువారు పెక్కుమంది కలరు. నా దృష్టిలో అది దాని గుణములలో అల్పమైనది. వియత్నాం యుద్ధము రగులుచు, నల్లవారు పౌరహక్కులకై వీధులలో పోరాడుచు, రష్యా పేరు విన్నంతనే అనుమానము పుట్టుచున్న ఆ దినములలో, నౌకను నడపు గదియందు ఉహూరా అను ఆఫ్రికా సంతతి వనితను, సులూ అను ఆసియా సంతతివానిని, రెండవయేట చెకోవ్ అను రష్యా యువకుని ఒకరి చెంత నొకరిని కూర్చుండబెట్టుటయే దాని మహత్త్వము. సులూ పాత్రధారి జార్జి టకేయి, జపాను సంతతివారిని యుద్ధకాలమున నిర్బంధించిన శిబిరములలో బాల్యమున కొన్నేండ్లు గడపినవాడని తలచుకొన్నపుడు ఆ ఆసనము విలువ మరింత తెలియును.

మొదటి యేడు ముగిసినపుడు ఉహూరా పాత్రధారిణి నిషెల్ నికోల్స్ నాటకరంగమునకు మరలదలచి విరమణకు సిద్ధపడగా, మార్టిన్ లూథర్ కింగ్ ఒక సభలో తారసిల్లి, తమ పిల్లలను ప్రొద్దుపోవువరకు మేల్కొని చూడనిచ్చు ధారావాహిక ఇది యొక్కటే యనియు, ఆమె ఆ స్థానమును వదలరాదనియు చెప్పెనని ఆమె పలుమారు స్మరించుకొనెను. ఆమె నిలిచెను.

రెండవయేడు ముగియు వేళ ప్రసారము నిలిచిపోవునని వినవచ్చి, బీజో ట్రింబుల్ దంపతులు ప్రేక్షకులను కూడగట్టి సంస్థకు ఉత్తరములు గుప్పించిరి. 1968 మార్చి 1న ధారావాహిక కొనసాగునని సంస్థవారు ప్రసారముననే ప్రకటింపవలసివచ్చెను. మూడవయేట దానిని శుక్రవారము రాత్రి పదిగంటలకు త్రోసివేసి ప్రాణము తీసినమాట నిజమే. కాని పిమ్మట ఊరూరి స్టేషన్లు పాత భాగములను కొని మరల మరల చూపుటతో అది బడిపిల్లలకు నిత్యకథ యయ్యెను. 1972 జనవరిలో న్యూయార్కున కొలది వందలమంది వత్తురనుకొన్న అభిమానుల సమ్మేళనమునకు వేలమంది వచ్చిరి. 1976లో వారి యుత్తరములవలననే తొలి స్పేస్ షటిల్‌కు, కాన్‌స్టిట్యూషన్ అని తలపెట్టిన పేరు పోయి, ఎంటర్‌ప్రైజ్ అను పేరు వచ్చెను.

1977లో నాసా సంస్థ కొత్త వ్యోమగాములకై వెదకుచుండగా, స్త్రీలును నల్లవారును దరఖాస్తు పెట్టుకొనుడని నికోల్స్ దేశమంతట ప్రచారము చేసెను. మరుసటియేట ఎన్నికైన 35 మందిలో ఆరుగురు స్త్రీలు, ముగ్గురు ఆఫ్రికా సంతతివారు ఉండిరి. శాలీ రైడ్, గయాన్ బ్లూఫర్డ్ ఆ వరుసలోనివారే. ఎన్నిక యంతయు ఒక నటి మాటవలననే జరిగినదనుట న్యాయము కాదు. కాని ఆ కొలువు తమకును దక్కునని నమ్మించుటకు అంతకంటె తగిన కంఠము మఱియొకటి లేకుండెను. షికాగోలో బాలికగా ఉహూరాను చూచి పెరిగిన మే జెమిసన్ వైద్యురాలై, 1992 సెప్టెంబరున ఎండెవర్ నౌకలో అంతరిక్షమునకేగిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ వనిత యయ్యెను. అక్కడ తన వంతు పని మొదలిడునపుడెల్ల, భూమితో సంభాషణకు ముందు, ఉహూరా పలుకు మాటనే ఆమె పలుకుచుండెను. మరుసటియేట స్టార్ ట్రెక్ అనంతరకథలో ఒక చిన్న పాత్ర ధరించినది. నిజముగా అంతరిక్షయానము చేసి ఆ కథలో నటించినవారిలో ఆమెయే ప్రథమురాలు.