ఇంటి జబ్బులు, ఆడవాళ్ల వైద్యం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు బాగుచేయించి చూడు అని మాత్రం అనలేదు. ఎందుకంటే అప్పట్లో బాగుచేయడం వేరే పని కాదు, ఆ ఇంట్లో కాపురం చేయడంలోనే ఓ భాగం. అందులో ఎక్కువ పాలు ఆడవాళ్లదే.

ఇప్పుడు ఇల్లు కొనేముందు ఇంజనీరును వెంటబెట్టుకెళ్లి, గోడల్లో చెమ్మ ఎంతుందో యంత్రంతో కొలిపిస్తున్నారు. మంచి పద్ధతే. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ పరీక్ష ఏనాటి నుంచో ఉంది. దానికి పేరు లేదు, ఫీజు లేదు, అంతే!

ముందు పూరిల్లు సంగతి చూద్దాం. మట్టిగోడ, పైన తాటాకో గడ్డో. సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊళ్లలో చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి గోడ, గొడుగులాంటి కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు. మూలలు లేకపోవడంతో గాలి గోడను ఢీకొట్టకుండా చుట్టూ జారిపోయేది. లోపలి పల్లెల్లో ఇళ్లు వరసగా, గోడకు గోడ కలిపి ఉండేవి. అక్కడ భయం గాలి కంటే నిప్పుది. వేసవిలో ఒక పొయ్యి నిప్పురవ్వ ఎగిరితే వరసంతా బూడిదే. అందుకే చాలా ఇళ్లలో కప్పు కింద కర్రలు పరిచి, మందంగా మట్టి మెత్తి అటక కట్టుకునేవారు. పైకప్పు కాలినా కింద ధాన్యం, బట్టలు దక్కేవి.

ఆ ఇంటి జబ్బులు మూడు: కప్పు కుళ్లడం, చెద పట్టడం, ఎలుకలు బొరియలు చేయడం. మట్టీ పేడా కలిపి చేత్తో ఇల్లు అలికే మనిషికి ఈ మూడూ కంటికంటే ముందు చేతికి తెలిసేవి. గోడ ఎక్కడ మెత్తబడిందో, చెద మట్టిగీత ఎక్కడ మొదలైందో వేళ్లే చెప్పేవి. మా నాయనమ్మ అలుకుతూ అలుకుతూ ఒక చోట ఆగి, పిడికిలితో కొట్టి చూసేది. డొల్ల శబ్దం వస్తే ఆ వారంలోనే మట్టి తవ్వి తెచ్చేవారు. కొన్నేళ్లకోసారి కప్పు మార్చడమే పెద్ద ఖర్చు. అదీ సగం డబ్బు, సగం ఇరుగుపొరుగు సాయం.

తర్వాత పెంకుటిల్లు. మన కుమ్మర్లు చేసిన గూనపెంకు ముందునుంచీ ఉంది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, ఒకదానికొకటి గాడిలో కూర్చునే పెంకు దేశమంతా పాకింది. 1890ల్లో మన తీరం వెంట రైలు రావడంతో బరువైన సరుకు దూరాలనుంచి తెచ్చుకోవడం తేలికైంది. పెంకుటింటి జబ్బు పెంకు జారడం. కోతి దూకినా, కొబ్బరిమట్ట పడినా ఒక పెంకు కదులుతుంది. ఆ సందులోంచి కారిన నీళ్లు దూలాన్ని, వాసాలను నానబెడతాయి. నానిన కర్రకు చెద పడుతుంది. అందుకే తొలకరికి ముందు మనిషిని ఎక్కించి పెంకు సర్దించేవారు. ఒక రోజు కూలి, పది పెంకులు. అది తప్పించుకుంటే నాలుగేళ్లకు దూలమే మార్చాలి.

కలిగినవాళ్లు మిద్దెలు కట్టారు. దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి, గానుగలో రుబ్బిన సున్నంతో కట్టే మద్రాసు టెర్రస్ అది. సున్నంలో బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. సున్నానికి ఒక మంచి గుణముంది. చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. మన పెద్ద పండక్కి గోడలకు సున్నం కొట్టే ఆచారం అలంకారం ఒక్కటే కాదు. సామాను బయటపెట్టి, మూలమూలా దులిపి, బీటలు పూడ్చాకే సున్నం కొట్టాలి. అంటే ఏడాదికోసారి ఇంటికి తల నుంచి కాలిదాకా పరీక్ష.

ఇక స్లాబు ఇల్లు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత, పేదలకూ గట్టి ఇళ్లు ఉండాలన్న ఆలోచన బలపడింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం పక్కా ఇళ్ల పథకాన్ని పెద్ద ఎత్తున నడిపింది, 2006లో ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. నిప్పు భయం పోయింది, కొన్నేళ్లకోసారి కప్పు మార్చే బాధ పోయింది. ఆడవాళ్లకు ఇది చిన్న మేలు కాదు. అయితే దాంతోపాటే ఇంకో నమ్మకం వచ్చింది: స్లాబుకు మరమ్మతు అక్కర్లేదని.

స్లాబు జబ్బు లోపల ఇనుముది. సన్నని బీటలోంచి నీరు, ఉప్పుగాలి దిగితే ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళానికి ఇది మరీ దగ్గరి ముప్పు. ఊచల మీద మామూలు చోట కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలనీ, నేరుగా సముద్రపు గాలి తగిలేచోట 45 ఉండాలనీ భారత ప్రమాణాలు చెబుతాయి. సిమెంటు ఆదా చేసిన ఇంట్లో అంత ఎక్కడుంటుంది?

మా బంధువుల ఇంట్లో ఉయ్యాల కొక్కెం పక్కనే అరచేయంత పెచ్చు ఊడిపడింది. అదృష్టం కొద్దీ పాప తల్లి ఒళ్లో ఉంది. అక్కడ మూడేళ్లుగా గోధుమరంగు మరక ఉంది. ప్రతి పండక్కీ దానిమీద ఖరీదైన రంగు వేయించారు. సున్నం కొట్టేముందు గోడను చూసేవాళ్లం. రంగు వేసేటప్పుడు గోడను దాచేస్తున్నాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మన ఇళ్లన్నిటికీ ఒకేసారి పరీక్ష పెట్టాయి. తిత్లీ గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. రేకులు ఎగిరిపోయాయి. నిలిచిన స్లాబుల్లో కూడా పాత బీటలున్నచోట నీళ్లు దిగాయి.

ఖర్చు లెక్క ఇలా చూసుకోండి. డాబా మీద సన్నని బీట, పూడిన తూము: ఒక తాపీమేస్త్రి, ఒక కూలీ, ఒకటి రెండు రోజుల పని. పెచ్చులూడే దశకొస్తే వదులు కాంక్రీటు కొట్టేయాలి, ఊచల తుప్పు గీకాలి, మందు పూయాలి, మళ్లీ కప్పాలి. ఇది చదరపు అడుగుల లెక్క. పది అడుగుల దగ్గర ఆపితే పది అడుగుల ఖర్చే. ఆరువందల అడుగుల స్లాబంతా పాకేదాకా చూస్తే, అదే రేటుకి అరవై రెట్లు. ఊచ సగం తినేసిందంటే మేస్త్రి మాట చాలదు, ఇంజనీరు చూడాల్సిందే.

వరస కూడా ముఖ్యం. ముందు నీరు వచ్చే దారి మూయాలి, తర్వాత లోపలి పెచ్చులు, రంగు ఆఖరున. చాలా ఇళ్లలో డబ్బు రంగు దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది.

పూరింటి రోజులు మళ్లీ రావాలని నేననను. ఆ అలుకుడు ఎన్ని నడుములు విరిచిందో మనకు తెలుసు. ఆ చూపు మాత్రం వదులుకోకూడదు. తొలకరికి ముందొకసారి, అక్టోబరు తుపాన్లకు ముందొకసారి డాబా ఎక్కి తూములు చూడండి. పెద్ద పండక్కి రంగు డబ్బా తెరిచేముందు మరకల మీద వేలితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే, ఆ డబ్బా మూతపెట్టి మేస్త్రికి కబురు పెట్టండి.