మరకలపై ఎంజైములు: డిటర్జెంట్ల చరిత్రలో ఒక అధ్యాయం

1. పరిచయం

తెల్లని నూలు బట్టకు లిప్‌స్టిక్ అంటితే సబ్బుతో ఎంత రుద్దినా జిడ్డు ఛాయ మిగిలిపోతుంది. ఆ మరక ఒకే పదార్థం కాకపోవడమే దీనికి కారణం. అందులో మైనం, నూనె, రంగు మూడూ ఉంటాయి. నూనెగా తరచూ వాడేది ఆముదం. ఇలాంటి నూనెను విడగొట్టే ఎంజైము బట్టలుతికే పొడిలోకి రావడానికి, తొలి ఎంజైము ప్రయత్నం తరువాత సుమారు 75 ఏళ్లు పట్టింది. ఈ జాప్యానికి కారణాలేమిటో, ఆ మధ్యకాలంలో ఎవరు మూల్యం చెల్లించారో పరిశీలిద్దాం.

2. తోళ్ల పరిశ్రమ నుంచి చాకిరేవుకు

ఎంజైములు జీవకణాలు తయారుచేసే ఉత్ప్రేరకాలు. ఒక్కొక్కటి ఒక్కొక్క రకం పదార్థం మీదే పనిచేస్తుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓట్టో రోమ్ మొదట తోళ్లను మెత్తపరిచే పని మీద దృష్టి పెట్టాడు. అప్పటివరకు అందుకు కుక్క పెంట, పావురాల రెట్ట వాడేవారు. వాటికి బదులుగా పశువుల క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైములను ఆయన ప్రవేశపెట్టాడు. అదే సూత్రాన్ని బట్టలకు అన్వయించి 1913లో పేటెంట్ పొందాడు. మరుసటి ఏడాది ‘బర్నస్’ అనే ఉత్పత్తి వెలువడింది. అయితే ఉతికే సోడా క్షారగుణం ఆ ఎంజైములకు సరిపడలేదు. ఆలోచన సరైనదే, సాధనం మాత్రం బలహీనమైనది.

3. బాక్టీరియా ఎంజైములు

క్షారాన్ని తట్టుకునే ఎంజైములు బాక్టీరియా నుంచి లభించాయి. 1959లో స్విట్జర్లాండ్‌లో ‘బయో 40’ అనే పొడి వచ్చింది. 1960ల ఆరంభంలో డెన్మార్క్‌కు చెందిన నోవో సంస్థ ‘ఆల్కలేజ్’ను విపణిలోకి తెచ్చింది. ఇవి ప్రోటీన్లను ఛేదించే ప్రోటియేజులు. రక్తం, పాలు, గుడ్డు మరకలపై బాగా పనిచేశాయి. కానీ లిప్‌స్టిక్‌లోని నూనె ప్రోటీన్ కాదు కనుక ఆ మరక జోలికి ఇవి పోలేదు.

4. కార్మికుల ఊపిరితిత్తులు

తొలినాళ్ల ఎంజైము సన్నని ధూళి రూపంలో ఉండేది. కర్మాగారాలలో ఆ ధూళిని పీల్చిన కార్మికులకు ఉబ్బసం, శ్వాసకోశ వ్యాధులు వచ్చాయి. బ్రిటన్‌లో వైద్యుడు ఫ్లింట్, అలర్జీ నిపుణుడు పెపిస్ 1969లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఈ విషయాన్ని వెల్లడించారు. ప్రజలలో ఆందోళన పెరిగి, అమెరికాలో కొన్ని ఉత్పత్తుల నుంచి ఎంజైములను తొలగించారు. ఆ తరువాత ఎంజైముకు మైనం వంటి పూత పూసి గుళికలుగా చేయడం, యంత్రాలను మూసి ఉంచడం మొదలైంది. మరక వదిలించే శక్తి ముందే వచ్చింది; దాన్ని తయారుచేసే మనిషికి రక్షణ ఆలస్యంగా వచ్చింది.

5. లైపేజ్

కొవ్వును, నూనెను విడగొట్టే ఎంజైము లైపేజ్. దానికి తగిన శిలీంధ్రం దొరికినా, అది తయారుచేసే పరిమాణం వాణిజ్యానికి చాలలేదు. అందుచేత ఆ జన్యువును, సోయా సాస్ తయారీలో వాడే ‘ఆస్పర్జిల్లస్ ఒరైజే’ అనే మరో శిలీంధ్రంలో ప్రవేశపెట్టారు. అలా 1988లో ‘లైపోలేజ్’ వచ్చింది. జన్యు ఇంజనీరింగ్ ద్వారా తయారై డిటర్జెంట్లలో చేరిన తొలి ఎంజైము ఇదే.

లైపేజ్ ఆముదం వంటి నూనెలను కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. రంగును, మైనాన్ని మాత్రం డిటర్జెంట్‌లోని ఇతర పదార్థాలే తొలగించాలి. పైగా తొలి లైపేజులు బట్ట ఆరుతున్నప్పుడే ఎక్కువగా పనిచేసేవి. అందువల్ల ఫలితం తరువాతి ఉతుకులో కనిపించేది.

ఒక జాగ్రత్త గమనించాలి. పట్టు, ఉన్ని స్వయంగా ప్రోటీన్లు. ప్రోటియేజ్ ఉన్న పొడిలో పట్టుచీరను నానబెడితే మరకతోపాటు పోగు కూడా దెబ్బతినవచ్చు.

6. సారాంశం

ప్రతి మరకకూ దాని స్వభావానికి తగిన ఎంజైము కావాలి. ఆ ఎంజైము క్షారాన్ని తట్టుకోవాలి, సరిపడా పరిమాణంలో దొరకాలి, తయారుచేసేవారికి హాని చేయకూడదు. ఈ షరతులు ఒక్కొక్కటిగా నెరవేరిన క్రమమే ఈ చరిత్ర. చివరి షరతు మొదటే గుర్తుకు రావలసినదని 1969 నాటి అనుభవం చెబుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. రోమ్ ప్రయత్నానికి ఉన్న పరిమితి ఏమిటి?
2. లిప్‌స్టిక్ మరకపై ప్రోటియేజ్ ఎందుకు పనిచేయదు?
3. ఎంజైములను గుళికలుగా మార్చవలసిన అవసరం ఎలా ఏర్పడింది?