రంగం చెక్క

పోయిన వేసవిలో మా కారు షెడ్డుకి తలుపు నేనే చేశాను. రోలింగ్ షట్టర్ పెట్టిస్తే ఒక్క పూటలో అయిపోయేది. కానీ ఊళ్ళో తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చిన పాత చెక్కలు డాబా మీద పడున్నాయి. వాటిని అమ్మడానికి నాన్న ఒప్పుకోలేదు. "అది రంగం టేకురా" అనేవారు. రంగం అంటే రంగూన్. మన కోస్తా పల్లెల్లో ఆ ఊరి పేరు అలాగే నిలిచింది.

ఎనిమిదడుగుల వెడల్పుకి రెండు రెక్కలు. ఒక్కోదానికి నిలువు పలకలు, వెనక రెండు అడ్డపట్టీలు, మధ్యలో ఒక ఏటవాలు పట్టీ. దాన్ని తిరగేసి బిగించబోతుంటే పని నేర్పుతున్న వడ్రంగి మేస్త్రి ఆపారు. "కింది బందు దగ్గర మొదలెట్టి, పైన గడియ వైపుకి ఎక్కించాలి బాబూ. బరువు దాని మీదుగా కింది బందుకి దిగుద్ది. లేకపోతే తలుపు వాలిపోద్ది." చిత్రిక పట్టగానే నల్లటి పొర కింద తేనెరంగు బయటపడింది. ఇన్నేళ్ళయినా నూనె వాసన పోలేదు. ఈ చెక్క ఇక్కడిదాకా ఎలా వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను.

పచ్చి టేకు మాను నీళ్ళలో తేలదు. అందుకే బర్మా అడవుల్లో చెట్టు మొదట్లో చుట్టూ గంటు పెట్టి, రెండు మూడేళ్ళు నిలువునా ఎండనిచ్చి, అప్పుడు నరికేవారు. ఏనుగులు దుంగల్ని వాగుల్లోకి చేర్చేవి. వాననీటితో అవి ఐరావతిలో పడేవి, తెప్పలుగా కట్టాక రంగూన్ చేరేవి. ఈ చెక్క పేరుతో ఒక రాజ్యమే పోయింది. లెక్క తక్కువ చూపి దుంగలు తరలించిందని బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌కి తీబా రాజు కొలువు జరిమానా వేసింది. దాన్నే సాకు చేసుకుని 1885లో ఇంగ్లీషువాళ్ళు మాండలే మీదికి వెళ్ళారు.

రంగూన్ రేవులో సరుకు మోసినవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద వాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారు. 1930 మేలో ఆ తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నారు, సమ్మె ముగియగానే వాళ్ళని పంపేశారు. దాంతో మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక, లక్షలమంది భారతీయులు అరకాన్ కొండలూ మణిపూర్ అడవులూ దాటుతూ కాలినడకన బయల్దేరారు. దారిలో ఆకలికీ కలరాకీ ఎందరో పోయారు.

మా ముత్తాతగారి తమ్ముడు ఆ రేవులోనే పనిచేశాడట. చెక్క ఓడెక్కి వచ్చింది, ఆయన రాలేదు. టేకు గురించి మూడు తరాలుగా గొప్పగా చెప్పుకున్న ఇంట్లో ఆయన పేరు నేనెప్పుడూ వినలేదు.

తలుపు బిగించిన రోజు నాన్న ఒకసారి మూసి తెరిచి చూశారు. "గట్టి చెక్క" అన్నారు.

"రంగం వెళ్ళిన చిన్నతాత పేరేంటి నాన్నా?" అని అడిగాను.

గడియ మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడ్డారు.

"పెద్దత్తకి తెలిసుంటుందేమో."

ఆవిడకి తొంభై దాటాయి. ఈ ఆదివారం ఊరు వెళ్తున్నాం.