సముద్రం దాటిన మట్టి బండ్లు

దేశం మారినవాళ్లు మొదట వదిలేసేది సరదాలను. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు, వీసా కాగితాలు ఒక కొలిక్కి వచ్చేదాకా గుట్టల మీద, బురదలో బండి తోలే ముచ్చట ఎవరికీ గుర్తుకురాదు. అన్నీ కుదుటపడ్డాక ఒకరు మళ్లీ డర్ట్ బైక్ కొంటే చుట్టాలు దాన్ని వయసు మీరిన చాపల్యమంటారు, దండగ ఖర్చంటారు. ఈ క్రీడ చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. కొత్త గడ్డ మీద బండి మళ్లీ ఎక్కిన మనుషులే ఈ క్రీడను ఇప్పుడున్న రూపానికి తెచ్చారన్నది నా వాదన. ఈరోజు మోటోక్రాస్‌కు రాజధాని అనదగ్గ అమెరికాయే అందుకు పెద్ద సాక్ష్యం. బండ్లు ఓడల్లో వస్తాయి. వాటిని మట్టిలో ఎలా నడపాలో, ఎలా పోటీ పెట్టాలో, ఎలా నేర్పాలో మాత్రం మనిషి వెంటే వస్తుంది.

పుట్టుకలోనే ఈ ఆటకు చోటు మారిన చరిత్ర ఉంది. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఆల్ఫ్రెడ్ స్కాట్ అనే బండ్ల తయారీదారు 1914లో తన పనివాళ్ల కోసం ఒక పోటీ పెట్టాడు. అందులో వేగంతోపాటు, కష్టమైన చోట్ల కాలు నేల మోపకుండా నడిపే నేర్పుకూ లెక్క ఉండేది. దక్షిణాన సర్రేవాళ్లు 1924లో కాంబర్లీ దగ్గర అలాంటి పోటీయే పెట్టుకోబోయి నేర్పు మార్కులు తీసేశారు, వేగమే మిగిలింది. స్క్రాంబుల్ అనే పేరు అప్పుడే స్థిరపడింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆట ఇంగ్లిష్ ఛానల్ దాటి మోటోక్రాస్‌గా ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ చేరింది. దేశాల జట్లు తలపడే మోటోక్రాస్ డి నేషన్స్ 1947లో నెదర్లాండ్స్‌లో మొదటిసారి జరిగినప్పుడు దాన్ని బ్రిటన్ గెలుచుకుంది. 1957లో 500 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు తొలి విజేత బిల్ నిల్సన్ స్వీడన్‌వాడు, అతని బండి ఇంగ్లండ్‌లో తయారైన ఏజేఎస్. కొద్ది ఏళ్లలోనే స్వీడన్ సొంత బండ్లు, హుస్క్‌వర్నా, మోనార్క్, బ్రిటిష్ బండ్లను వెనక్కి నెట్టాయి. మరొకరి ఆట నేర్చుకున్నవాళ్లు దాన్ని మార్చేసి తిరిగి వాళ్లకే చూపించడం అప్పటినుంచీ సాగుతూనే ఉంది.

నా వాదనకు మొదటి అభ్యంతరం అమెరికా నుంచే వస్తుంది. ఐరోపావాళ్లు రాకముందు అక్కడ మట్టి పోటీలు లేవా అని. ఉన్నాయి, గొప్పగానే ఉన్నాయి. 1950లలో కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న కాటలీనా ద్వీపంలో గ్రాండ్ ప్రి జరిగేది. బిగ్ బేర్ పోటీకి ఎడారిలో వందల బండ్లు ఒక్కసారిగా బయలుదేరేవి. బడ్ ఎకిన్స్ లాంటి మొనగాళ్లు అక్కడే తయారయ్యారు. కాకపోతే అది విశాలమైన ఎడారి నేర్పిన విద్య. బరువైన ట్రయంఫ్ బండ్లతో మైళ్ల తరబడి తిన్నగా దూసుకుపోవడం అందులో ప్రధానం. చిన్న వలయంలో గుట్ట ఎక్కి, దూకి, మలుపు తిరిగి, ముప్పావు గంటపాటు ఒళ్లు దాచుకోకుండా పోరాడే మోటోక్రాస్ వేరే చదువు. ఆ తేడా ఎంతటిదో 1966లో తేలింది. శాన్ డియేగోలో ఉండే ఎడిసన్ డై హుస్క్‌వర్నా దిగుమతి హక్కులు తీసుకుని, ఆ కంపెనీ రైడర్ టోర్‌స్టెన్ హాల్‌మన్‌ను రప్పించాడు. హాల్‌మన్ అప్పటికే 250 సీసీలో ప్రపంచ విజేత. తేలికైన టూ-స్ట్రోక్ 250తో అతను తన బండికి రెట్టింపు సీసీ ఉన్న బండ్లను స్థానికుల సొంత నేల మీదే దాటిపోతుంటే, చూసినవాళ్లకు తమ లోటు బండిలో ఒక్కటే లేదని అర్థమైంది. అతను ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి, మోకాళ్లతో కుదుపులు మింగుతూ, గాలిలో ఉండగానే దిగే చోటుకు ఒళ్లు సర్దుకునేవాడు. అలాంటి పనిని కేటలాగ్ చూసి నేర్చుకోలేరు, చేసేవాణ్ణి పక్కన నిలబడి చూడాలి. మరుసటి ఏడాది డై మరికొందరు ఐరోపా రైడర్లను పిలిపించి ఇంటర్-ఆమ్ పోటీలు నడిపాడు. జోయెల్ రాబర్ట్, రోజర్ డి కోస్టర్ అలా అమెరికా ప్రేక్షకులకు పరిచయమయ్యారు. స్వీడన్ నుంచి వచ్చిన లార్స్ లార్సన్ కాలిఫోర్నియాలోనే స్థిరపడ్డాడు. హాల్‌మన్ పేరుతో మొదలైన రేసింగ్ దుస్తుల వ్యాపారాన్ని అమెరికాలో నిలబెట్టిందీ అతనే. ఈరోజు థోర్ అన్న పేరుతో దుకాణాల్లో కనిపించే జెర్సీల మూలం అదే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. క్రీడను మోసింది మనుషులు కాదు, జపాన్ ఫ్యాక్టరీల డబ్బు అని. 1968లో యమహా డీటీ-1 రావడంతో సామాన్యుడి చేతికి అందే ధరలో మట్టిదారి బండి దొరికిన మాట నిజం. ఆ బండి లేకుంటే అమెరికాలో లక్షలమంది ఈ ఆట వైపు చూసేవాళ్లు కాదు. కానీ ఆ ఫ్యాక్టరీలకు విద్య ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ గ్రాండ్ ప్రి సమయంలో పశ్చిమానికి పారిపోయాడు. టూ-స్ట్రోక్ ఇంజన్ నుంచి శక్తి పిండే ఎంజెడ్ రహస్యాలు అతనితోపాటు సుజుకికి చేరాయి. మరుసటి ఏడాదే 50 సీసీ రోడ్ రేసింగ్‌లో సుజుకి ప్రపంచ టైటిల్ గెలిచింది. మోటోక్రాస్‌లోకి దిగినప్పుడు అదే సుజుకి స్వీడన్ రైడర్ ఓలె పెటర్సన్‌ను పెట్టుకుని బండిని తీర్చిదిద్దుకుంది, 1970లో బెల్జియం రైడర్ జోయెల్ రాబర్ట్‌తో 250 సీసీ టైటిల్ గెలిచింది. వెనక చక్రానికి ఒకే షాక్ అబ్జార్బర్ ఉండే యమహా మోనోషాక్ కథా ఇంతే. బెల్జియంకు చెందిన ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచనను కంపెనీ కొనుక్కుంది, 1973లో స్వీడన్ రైడర్ హాకన్ ఆండర్సన్ దానితో ప్రపంచ విజేత అయ్యాడు. పెట్టుబడి లేకుండా ఇవి జరిగేవని నేను అనను. ఆ పెట్టుబడికి దారి చూపింది సరిహద్దులు దాటిన కొద్దిమంది అనుభవమేనని మాత్రం ఈ వరుస చెబుతోంది.

అన్నిటికంటే నన్ను ఒప్పించే ఉదాహరణ డి కోస్టర్‌ది. 500 సీసీలో ఐదు ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఈ బెల్జియన్ 1974 నుంచి 1977 దాకా నాలుగేళ్లు వరసగా అమెరికాలో జరిగే ట్రాన్స్-ఏఎంఏ పోటీలను గెలిచి అమెరికన్ కుర్రాళ్లకు ఓడిపోవడమెలాగో చూపించాడు. వాళ్లలో చురుకైనవాళ్లు ఓటమి నుంచి నేర్చుకున్నారు. 1980లో పోటీల నుంచి తప్పుకున్నాక అతను వచ్చి స్థిరపడింది ఆ దేశంలోనే. 1981లో మోటోక్రాస్ డి నేషన్స్‌కు వెళ్లిన అమెరికా జట్టు బాధ్యత అతని మీద పడింది. డానీ లాపోర్ట్, డోనీ హాన్సెన్, జానీ ఓమారా, చక్ సన్ అనే నలుగురు హోండా రైడర్లను ఐరోపాలో ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. కానీ ఐరోపా సర్క్యూట్ల మట్టి గుణం, వాన పడ్డాక అది మారే తీరు, అక్కడి రైడర్ల ఎత్తుగడలు ఒంటబట్టిన మనిషి వాళ్ల పక్కన ఉన్నాడు. పశ్చిమ జర్మనీలోని బీల్‌స్టైన్‌లో అమెరికా మొదటిసారి ఆ కప్పు గెలిచింది, 1993 దాకా పదమూడేళ్లు వరసగా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. పుట్టిన ఖండం నేర్పిన విద్యతో చేరిన దేశాన్ని గెలిపించాడు కదా, అది ద్రోహం కాదా అని అడిగినవాళ్లకు ఈ క్రీడ చరిత్రే జవాబు. ఎదురు దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. జిమ్ పోమరాయ్ 1973లో స్పెయిన్ గ్రాండ్ ప్రి గెలిచి ఐరోపాను ఆశ్చర్యపరిచాడు. బ్రాడ్ లాకీ ఏళ్ల తరబడి ఐరోపాలో పోరాడి 1982లో 500 సీసీ ప్రపంచ టైటిల్ సాధించాడు, అదే ఏడాది లాపోర్ట్ 250 సీసీ టైటిల్ గెలిచాడు.

ఇవన్నీ ఛాంపియన్ల సంగతులు, కాంట్రాక్టు చేతికిచ్చి విమానం ఎక్కించినవాళ్ల సంగతులు, మామూలు వలసదారుకు వీటితో ఏం పని అంటారు. న్యాయమైన ప్రశ్నే. జెఫ్ స్మిత్ జీవితంలో దానికి జవాబుంది. ఇంగ్లండ్‌కు చెందిన స్మిత్ 1964, 1965లలో బీఎస్‌ఏ బండి మీద 500 సీసీ ప్రపంచ విజేత. ఆ తర్వాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ పరిశ్రమ కూలిపోయింది, బీఎస్‌ఏ తన పోటీల విభాగాన్నే మూసేసింది. నలభైకి దగ్గరపడిన స్మిత్ కెనడా వెళ్లి బొంబార్డియర్ కంపెనీలో కాన్-ఆమ్ బండ్ల తయారీకి పనిచేశాడు. 1974లో అమెరికా 250 సీసీ జాతీయ పోటీల్లో మొదటి మూడు స్థానాలూ కాన్-ఆమ్ రైడర్లవే. నాకు దానికంటే విలువైనది తర్వాతి భాగం. అమెరికాలో స్థిరపడ్డ స్మిత్ పాత బండ్ల పోటీలు నిర్వహించే ఏహెచ్‌ఆర్‌ఎంఏ సంస్థకు ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా పనిచేశాడు, తానూ మళ్లీ బండెక్కి పోటీపడ్డాడు. ఆ సంస్థ వింటేజ్ మోటోక్రాస్‌లో 1974 దాకా వచ్చిన బండ్లకే చోటు, పొడవాటి సస్పెన్షన్‌కు అనుమతి లేదు. అందువల్ల దూకుళ్లు చిన్నవి, ట్రాకులు నెమ్మది. నలభై, యాభై, అరవై దాటినవాళ్లకు విడివిడి తరగతులున్నాయి. వయసులో వదిలేసిన బండిని మళ్లీ పట్టుకోవాలనుకునే మామూలు మనిషికి నిలబడే చోటు అది. ఆ చోటు కట్టినవాళ్లలో ముందు వరసలో ఉన్నది సొంత దేశపు పరిశ్రమ కూలాక బతుకు వెతుక్కుంటూ వచ్చిన ఒక వలసదారు. మాల్కమ్ స్మిత్ సంగతీ గుర్తుచేయాలి. 1971లో వచ్చిన ‘ఆన్ ఎనీ సండే’ చిత్రంలో ఎడారి రైడింగ్‌కు ముఖచిత్రమైన ఆ నవ్వు మొహం మనిషి పుట్టింది కెనడాలో, చిన్నప్పుడే తల్లిదండ్రులతో కాలిఫోర్నియా చేరాడు.

కొత్త దేశం ఎప్పుడూ చేతులు చాచి ఆహ్వానించిందని చెబితే అది అబద్ధం. ఫ్రాన్స్ రైడర్ జాన్-మిషెల్ బేల్ 1991లో అమెరికాలో స్టేడియం పోటీలైన సూపర్‌క్రాస్‌తోపాటు 250, 500 సీసీ మోటోక్రాస్ టైటిళ్లు మూడూ గెలిస్తే, చాలా స్టేడియాల్లో అతనికి దక్కింది గేలి. తర్వాత వచ్చిన దక్షిణాఫ్రికా గ్రెగ్ ఆల్బర్టిన్‌కు, ఆస్ట్రేలియా చాడ్ రీడ్‌కు, జర్మనీ కెన్ రోక్జెన్‌కు దారి కొంత సుగమమైంది. మనుషుల మనసుకంటే గట్టి అడ్డు నేల. ప్రతి దేశానికీ మట్టి మీద ఒక చట్టం ఉంటుంది. ఇంగ్లండ్‌లో ప్రణాళికా అనుమతి లేకుండా ఒక పొలంలో మోటారు పోటీలు ఏడాదికి పద్నాలుగు రోజులకు మించకూడదు. అమెరికాలో 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వుతో ప్రభుత్వ భూముల్లో ఏ దారి తెరిచి ఉండాలో, ఏది మూసి ఉండాలో గుర్తించడం మొదలైంది. కాలిఫోర్నియా 1971లోనే చట్టం చేసి, రిజిస్ట్రేషన్ రుసుములతో ఈ బండ్లకోసం పార్కులు ఏర్పరిచే మార్గం వేసింది. ఎడారి తాబేళ్ల మనుగడ ప్రశ్న ముందుకొచ్చినప్పుడు బార్‌స్టో నుంచి లాస్ వేగాస్ దాకా సాగే పెద్ద పోటీ 1989తో ఆగిపోయింది. ఈ ఆంక్షలు క్రీడను చంపుతున్నాయని పాత రైడర్లు కొందరు బాధపడతారు. నేను ఒప్పుకోను. ఎక్కడపడితే అక్కడ తోలిన రోజుల్లో పోగొట్టుకున్న భూములే ఎక్కువ. గుర్తించిన ట్రాకుల్లో, శబ్దానికి హద్దు పెట్టుకున్న క్లబ్బుల్లో ఆట ఇంకా బతికే ఉంది.

ఈ లెక్కంతా తెలుగువాళ్లకు ఎందుకంటే, రెండు చక్రాల మీద పెరిగి దేశం దాటినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఊళ్లో గట్ల మీద, చెరువు కట్టల మీద బండి తోలినవాళ్లు టెక్సాస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లాక కారుకే పరిమితమైపోయారు. మళ్లీ బండెక్కాలని ఉంటే వాళ్లకు నేను చెప్పేది ఇంతే. బండి కొనకముందు అక్కడి క్లబ్బుకు వెళ్లండి. రోడ్డు లైసెన్సు ఉన్నంత మాత్రాన మట్టి బండి రోడ్డెక్కదని, రాష్ట్రానికో రిజిస్ట్రేషన్ పద్ధతి ఉందని తెలుసుకోండి. హెల్మెట్, బూట్లు, మోకాలి రక్షణ, ఛాతీ కవచం బండి ధరలో భాగమనే లెక్కవేయండి. మీ వయసుకు, మీ నేర్పుకు తగిన తరగతి అడిగి తీసుకోండి, సిగ్గుపడకండి. నాలుగు వారాలు వెళ్లాక అక్కడి పిల్లలకు మీకు తెలిసింది నేర్పండి. హాల్‌మన్, డి కోస్టర్, జెఫ్ స్మిత్ అక్కడికి వచ్చి చేసిన పని కూడా అదే.